ఒకే రైలు దారిలో దసరా: హనుమకొండ, విజయవాడ, విజయనగరం చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

దసరా సెలవులు అనగానే చాలామంది క్యాలెండర్లో ఎర్ర అంకె చూసుకుని, దానికి ముందొక రోజు, వెనకొక రోజు కలుపుకుని టికెట్లు తీస్తారు. అలా తీసిన టికెట్‌తో హనుమకొండ వెళ్తే బతుకమ్మ అప్పటికే నీళ్లలో కలిసిపోయి ఉంటుంది. విజయనగరం వెళ్తే సిరిమాను (కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే చింత మాను) ఇంకా పూజారి ఇంటి ముందే ఉంటుంది. తెలుగు నేల మీద దసరా ఒక్క రోజు పండుగ కాదు, అన్ని ఊళ్లలో ఒకే లెక్కన నడిచేదీ కాదు. హనుమకొండ తిథిని చూస్తుంది. విజయవాడ తిథితోపాటు నక్షత్రాన్నీ చూస్తుంది. విజయనగరం వారాన్ని చూస్తుంది. ఈ మూడు లెక్కలూ తెలిస్తే వరంగల్ నుంచి విజయనగరం దాకా ఒకే రైలు దారి మీద, తక్కువ రోజుల్లో, మూడు ఊళ్లలోనూ అసలు ఘట్టాన్నే చూసి రావచ్చు.

1. ముందు తేదీలు లెక్కగట్టండి

పంచాంగం దగ్గర పెట్టుకుని నాలుగు తేదీలు రాసుకోండి.

మొదటిది మహాలయ అమావాస్య. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే. రెండోది బతుకమ్మను సాగనంపే చివరి రోజు, సద్దుల బతుకమ్మ, మామూలుగా దుర్గాష్టమి నాడు వస్తుంది. మూడోది మూలా నక్షత్రం. ఆ రోజు విజయవాడలో అమ్మవారు సరస్వతీ దేవిగా దర్శనమిస్తారు, నవరాత్రుల్లో అన్నిటికంటే ఎక్కువ జనం వచ్చేది అప్పుడే. నాలుగోది విజయదశమి. దశమి వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం విజయనగరం సిరిమానోత్సవం, దాని ముందు రోజు సోమవారం తొలేళ్లు.

2024 తీసుకోండి. అక్టోబరు 2న అమావాస్య, 9న మూలా నక్షత్రం, 10న సద్దులు, 12 శనివారం విజయదశమి, 15 మంగళవారం సిరిమాను. 10 సాయంత్రం హనుమకొండలో మొదలుపెట్టినవారికి 15 సాయంత్రానికి మొత్తం అయిపోయింది. ఆరు రోజులు, ఒక్క పూట వృథా లేదు. 2025లో దశమి అక్టోబరు 2 గురువారం, సిరిమాను 7న. మధ్యలో నాలుగు రోజులు ఖాళీ, అరకుకు సరిగ్గా సరిపోతాయి. 2023లో దశమి తిథి అక్టోబరు 24 మంగళవారం దాకా ఉండటంతో సిరిమాను 31న జరిగింది. అలాంటి ఏడాది మూడు ఊళ్లూ పట్టుకోవాలని చూడకండి. హనుమకొండ, విజయవాడ కలిపి ఒక ప్రయాణం చేసి, విజయనగరాన్ని వేరే పెట్టుకోవడమే మేలు.

ఒక చిక్కు ఉంది. తిథి రెండు రోజుల మీద పడినప్పుడు, లేదా నవరాత్రుల్లో ఒక రోజు పెరిగినప్పుడు, సద్దులు ఏ రోజన్నది ఊరూరికీ మారుతుంది. 2025లో నవరాత్రులు పదకొండు రోజులు వచ్చాయి. విజయవాడ దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రి మీద అలంకారాల్లో కాత్యాయనీ దేవి చేరింది, తెలంగాణలో సద్దులు 29నా 30నా అన్న మీమాంస నడిచింది. కాబట్టి మీరు చూడబోయే ఊళ్లో, మీరు వెళ్లబోయే గుడి దగ్గర ఏ రోజు ఆడుతున్నారో ఫోన్ చేసి కనుక్కున్నాకే గది మాట్లాడండి. హైదరాబాద్ తేదీ చూసుకుని హనుమకొండ వెళ్లడం బాగా జరిగే పొరపాటు.

అధిక మాసం వచ్చిన ఏడాది దసరా వెనక్కి జరుగుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, అందుకే పండుగ అక్టోబరు మూడో వారంలోకి వెళ్లింది. అలాంటి ఏడాది తిరుమలలో రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, భాద్రపదంలో సాలకట్ల, ఆశ్వయుజంలో నవరాత్రి బ్రహ్మోత్సవాలు. ఈ ప్రయాణంలోనే తిరుమల కూడా కలిపేద్దామని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వద్దు. గరుడ సేవ నాటి తిరుమల విడిగా ఒక ప్రయాణం.

2. టికెట్లు: అరవై రోజుల ముందు ఉదయం ఎనిమిది

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. దసరా రైళ్లకు ఆ ఉదయమే బెర్తులు అయిపోతాయి. ఇక్కడ ఒక మెలకువ ఉంది. అందరూ హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి రైళ్ల మీద పడతారు. మీకు రాత్రి రైలు అక్కర్లేదు. ఈ దారిని పగటి ముక్కలుగా విడగొట్టుకుంటే పోటీ బాగా తగ్గుతుంది.

మొదటి ముక్క వరంగల్ నుంచి విజయవాడ, సుమారు మూడు గంటలు. కాజీపేట కంటే వరంగల్ స్టేషన్‌లో ఎక్కడం నయం, విజయవాడ వైపు వెళ్లే రైళ్లు ఎక్కువగా దొరుకుతాయి. రెండో ముక్క విజయవాడ నుంచి విశాఖ, దాదాపు 350 కిలోమీటర్లు. తెల్లవారాక విజయవాడలో బయలుదేరే రత్నాచల్ మధ్యాహ్నానికి విశాఖలో దింపుతుంది. సికింద్రాబాద్, విశాఖ మధ్య తిరిగే వందే భారత్ వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి మీదుగానే వెళ్తుంది, కాబట్టి ముక్కల్లో కూడా పనికొస్తుంది. మూడో ముక్క విశాఖ నుంచి విజయనగరం, 60 కిలోమీటర్లు. దీనికి రిజర్వేషన్ అవసరమే లేదు.

విజయదశమి మర్నాడు విజయవాడ నుంచి హైదరాబాద్ వైపు వెళ్లే రైళ్లు, బస్సులు కిక్కిరిసిపోతాయి. మీరు విశాఖ వైపు వెళ్తారు కాబట్టి ఆ ప్రవాహానికి చాలావరకు అడ్డం పడరు. తిరుగు ప్రయాణం విజయనగరం నుంచి మంగళవారం రాత్రికి కాకుండా బుధవారానికి పెట్టుకోండి. మంగళవారం సాయంత్రం ఆ స్టేషన్‌లో అడుగు పెట్టే చోటుండదు.

తత్కాల్ మీద భరోసా పెట్టుకునేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ముందు రోజు ఏసీకి ఉదయం 10, నాన్ ఏసీకి 11 గంటలకు తెరుస్తారు. ఆన్‌లైన్‌లో తీయాలంటే మీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే అయ్యుండాలి. పది గంటలకు కూర్చుని అప్పుడు ఆధార్ కలపడం మొదలుపెడితే అది పూర్తయ్యేసరికి వెయిటింగ్ లిస్టే మిగులుతుంది.

బస్సుల్లో ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి ఒక లెక్క. తెలంగాణలో మహాలక్ష్మి పథకం పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం పల్లె వెలుగు, సిటీ, ఎక్స్‌ప్రెస్ లాంటి అయిదు రకాల బస్సులకు వర్తిస్తాయి. ఏ రాష్ట్రం పథకం ఆ రాష్ట్రం గుర్తింపు కార్డు ఉన్నవారికే. రాష్ట్రం దాటే బస్సుల్లో తెలంగాణ పథకం సరిహద్దు దాకానే చెల్లుతుంది, ఆంధ్రప్రదేశ్ పథకం చెల్లదు. పండుగ రోజుల్లో తెలంగాణ ఆర్టీసీ స్పెషల్ బస్సులకు ఛార్జీ ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది. ఎక్కేముందు కండక్టర్‌ను అడిగితే దిగేటప్పుడు గొడవ ఉండదు.

3. హనుమకొండ: సద్దుల సాయంత్రం

సద్దుల ముందు రోజు మధ్యాహ్నానికి చేరండి. బస హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట వైపు చూసుకుంటే సాయంత్రం నడిచి వెళ్లొచ్చు. వరంగల్ స్టేషన్ పక్కన దిగినవాళ్లు రాత్రి తొమ్మిది తర్వాత ఆటో కోసం తిప్పలు పడతారు.

సాయంత్రం ఎక్కడ నిలబడాలన్నది మీ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి ఆవరణలో జనం ఎక్కువ, వెలుతురు ఎక్కువ, మైకులు ఎక్కువ. ఎంగిలిపూల నాడు కూడా అక్కడ సందడి గట్టిగా ఉంటుంది. పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర నీళ్లూ, గుట్టా, దీపాలూ కలిసి కనిపిస్తాయి, బతుకమ్మను సాగనంపడం దగ్గర నుంచి చూడొచ్చు. ఒక్కటే చూసే వీలుంటే పద్మాక్షి గుట్టకే వెళ్లండి. అయిదు గంటలకల్లా అక్కడ ఉండాలి. ఏడు దాటాక వచ్చినవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి.

ఊరికే చూడటం కంటే ఒక బతుకమ్మ పేర్చుకుని వెళ్తే ఆ సాయంత్రం మీకు ఇంకోలా ఉంటుంది. బయటి ఊరి ఆడవాళ్లు పళ్లెంతో వస్తే ఏదో ఒక గుంపు చెయ్యి పట్టి లోపలికి లాక్కుంటుంది. చేయడం కష్టమేం కాదు, ఓపిక కావాలి.

పువ్వులు ముందు రోజు సాయంత్రమే కొనండి. సద్దుల ఉదయం ధర పెరుగుతుంది, మంచి తంగేడు అయిపోతుంది. జానెడున్నర వెడల్పు పళ్లేనికి గునుగు రెండు చేతులా పట్టేంత కట్ట, తంగేడు అంతే, బంతి ఒక కిలో, పైన పెట్టడానికి గుమ్మడి పువ్వు ఒకటి సరిపోతాయి. గునుగు కాడలు నాలుగు వేళ్ల పొడవు ఉంచి సమానంగా కత్తిరించి, పది పన్నెండు చొప్పున దారంతో కట్టండి. సగం కట్టల కొసలు రంగు కలిపిన నీళ్లలో ముంచి రాత్రంతా నీడలో ఆరబెట్టండి. తడి ఆరకుండా పేరిస్తే రంగు పక్క వరుస తెల్ల గునుగుకు అంటుకుంటుంది, మీ చీరకూ అంటుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం పళ్లెంలో గుమ్మడి ఆకులో మోదుగాకులో పరిచి, అంచు వెంబడి మొదటి వరుస తంగేడు పెట్టండి. పువ్వులు బయటికి, కాడలు లోపలికి. ఒక వరుస అయిన వెంటనే నడుమ ఖాళీలో తుంచిన ఆకులు, కత్తిరించిన కాడలు వేసి అరచేత్తో గట్టిగా అదమండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. పైన వరుసలు అందంగా వస్తున్నాయి కదా అని నడుమ వదులుగా వదిలేస్తారు. ఎత్తుకుని పది అడుగులు వేయగానే బతుకమ్మ ఒక పక్కకు కుంగుతుంది, తర్వాత ఎంత సర్దినా నిలబడదు. వరుస వరుసకూ చుట్టు కొంచెం తగ్గించుకుంటూ పైకి తీసుకెళ్లి, కొసన గుమ్మడి పువ్వు, పక్కన పసుపు గౌరమ్మ. తంగేడు మధ్యాహ్నం పెట్టినా సాయంత్రానికి వాడుతుంది. పేర్చడం మూడు గంటల తర్వాతే పూర్తయ్యేలా చూసుకోండి.

ఆడేటప్పుడు చెప్పులు వలయం బయట వదలాలి. మగవాళ్లు వలయం వెలుపలే ఉంటారు, ఫోటోలు అడిగి తీస్తారు. డీజే పెట్టిన గుంపు దగ్గరికంటే వయసు మళ్లిన అమ్మలు ‘ఉయ్యాలో’ అంటూ చప్పట్లతో పాడే గుంపు దగ్గర నిలబడండి. పాట విన్నట్టుంటుంది. ఆట అయ్యాక బతుకమ్మను నీళ్లలో వదలడానికి మీరు మెట్లు దిగొద్దు. పూలు, ఆకులు నాని మెట్లు జారుడుగా ఉంటాయి. ఒడ్డున ఉండే కుర్రాళ్ల చేతికిస్తే వాళ్లు వదులుతారు. చివర్లో పంచే సద్దులు (పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వుల అన్నాలు, మలీద ముద్ద) కాదనకుండా తీసుకోండి. ఆ రోజుకు అదే రాత్రి భోజనం, హోటళ్లలో ఎలాగూ చోటుండదు.

ఒక పూట మిగిలితే ఖిలా వరంగల్ తోరణాలు చాలు. రామప్ప గుడికి పోయిరావడానికి కనీసం సగం రోజు కావాలి. సద్దుల రోజు పెట్టుకుంటే సాయంత్రానికి అలసిపోయి గదిలోనే పడుకుంటారు. విజయదశమి నాడు కూడా ఇక్కడే ఉండాలనుకునేవాళ్లకు ఉర్సుగుట్ట రంగలీల మైదానంలో రావణవధ ఉంది. అయితే విజయవాడ తెప్పోత్సవం వదులుకోవాలి. రెండూ ఒకే సాయంత్రం.

4. విజయవాడ: ఏ రోజు కొండెక్కాలి, ఏ రోజు ఎక్కకూడదు

దర్శనం మీద గట్టి పట్టుదల లేకపోతే మూలా నక్షత్రం రోజు కొండ వైపు వెళ్లకండి. రాష్ట్ర ప్రభుత్వం పట్టు వస్త్రాలు సమర్పించేది ఆ రోజే. అర్ధరాత్రి దాటగానే క్యూ లైన్లు నిండిపోతాయి. టికెట్ దర్శనాలు ఆపేసి అన్ని లైన్లూ ఉచితంగా వదలడం ఇటీవలి ఏళ్లలో ఆనవాయితీ అవుతోంది, అంటే డబ్బు పెట్టినా తొందరగా అవదు. 2020 అక్టోబరు 21న, సరిగ్గా మూలా నక్షత్రం నాడే, కొండ నుంచి బండరాళ్లు విరిగిపడ్డాయి. వాన కురిసిన రోజు ఘాట్ రోడ్డు అంచున ఆగి సెల్ఫీలు దిగొద్దని పోలీసులు తరమడానికి కారణం ఉంది.

విజయదశమి అయ్యాక రద్దీ తగ్గుతుందనుకోవడం ఇంకో పొరపాటు. దీక్ష పట్టిన ఎర్ర బట్టల భవానీలు దశమి నాటికి వేల సంఖ్యలో నడిచి చేరుకుంటారు, మర్నాడు, ఆ మర్నాడు కూడా కొండ ఎర్రగానే ఉంటుంది. మామూలు యాత్రికుడికి దర్శనం కాస్త తేలికయ్యేది నవరాత్రుల మొదటి మూడు నాలుగు రోజుల్లో, ఆదివారం కాని రోజున. హనుమకొండ నుంచి అష్టమి తర్వాత వచ్చేవారికి ఆ వీలు లేదు కాబట్టి నవమి తెల్లవారుజామున లైన్లోకి వెళ్లడమే మిగిలిన దారి. ఆ రోజు అమ్మవారు మహిషాసురమర్దని.

ఎలా వెళ్లాలి: స్టేషన్‌లో దిగగానే సామాను క్లోక్ రూమ్‌లో పెట్టండి. తాళం లేని సంచి తీసుకోరు, రైలు టికెట్ చూపించాలి. బస్టాండు నుంచి గుడి రెండు కిలోమీటర్ల లోపే, నడవడమే మంచిది. పండుగ రోజుల్లో వన్‌టౌన్ వైపు ఆటోలను ఎక్కడ ఆపుతారో ఆటోవాడికే తెలియదు. వినాయకుడి గుడి దగ్గర నుంచి లైన్లు మొదలవుతాయి. ఉచిత లైను, వంద రూపాయల లైను, మూడొందల లైను వేర్వేరు. లోపలికి వెళ్లాక మారడం కుదరదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందే సమాచార కేంద్రంలో అడగండి. వృద్ధులను, నడవలేనివారిని ఫలానా వేళల్లో వాహనంలో పైకి తీసుకెళ్లే ఏర్పాటు ఉంటుంది. సొంత కారుకు ఘాట్ రోడ్డు మూసేస్తారు.

ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. కింద డిపాజిట్ కౌంటర్లో ఇస్తే తిరిగి తీసుకోవడానికి మరో లైను. నలుగురు కలిసి వెళ్తే నాలుగు ఫోన్లూ ఒకే సంచిలో, ఒకే టోకెన్ మీద పెట్టండి. గంట ఆదా అవుతుంది. ఫోన్లు లేకుండా తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. ‘గుడి దగ్గర’ అంటే చాలదు, వినాయకుడి గుడి ముందు ఎడమవైపు అన్నంత ఖచ్చితంగా ఉండాలి. పిల్లల జేబులో తండ్రి పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. పోలీసులు చేతికి కట్టే ట్యాగు ఉంటే అదీ కట్టించండి. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, చెమటకు సిరా కరిగిపోతుంది.

లైన్లో మంచినీళ్లు, పాలు ఇస్తూనే ఉంటారు, సీసా మోయక్కర్లేదు. ఉక్కపోత మాత్రం తట్టుకోవాలి. పట్టు చీర కట్టుకుని నాలుగు గంటలు ఇనుప కమ్మీల మధ్య నిలబడటం అంత తేలిక కాదు, నేత చీర, పంచె నయం. షుగర్ ఉన్నవాళ్లు ఏమైనా తిని మందు వేసుకుని లైన్లోకి దిగండి. ఖాళీ కడుపున దర్శనం చేసుకోవాలన్న పట్టింపుతో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు రోజూ ఉంటారు.

తెప్పోత్సవం విజయదశమి సాయంత్రం, దుర్గా ఘాట్ దగ్గర. గంగా పార్వతీ సమేత మల్లేశ్వర స్వామివారు, దుర్గమ్మ హంస వాహనం మీద కృష్ణలో విహరిస్తారు. చీకటి పడ్డాక విద్యుద్దీపాల హంస నీళ్ల మీద కదలడం చూడాలంటే నాలుగు గంటలకే ఘాట్ మెట్ల వైపు చేరాలి. ప్రకాశం బ్యారేజీ మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి తాడేపల్లి వైపు దిగినవాళ్లు తిరిగి రావడానికి ముందే ఆలోచించుకోవాలి.

ఈ ఘట్టం జరుగుతుందా లేదా అన్నది కృష్ణ చెబుతుంది. బ్యారేజీకి 70 గేట్లు. దిగువకు వదిలే నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. వరద ఉన్న ఏళ్లలో హంస వాహనాన్ని ఒడ్డునే కట్టేసి పూజ చేసి ముగిస్తారు, ఘాట్లలో మునకలు మాన్పించి షవర్ల కింద స్నానాలు చేయిస్తారు, భవానీ ద్వీపం పడవలు ఆపేస్తారు. శ్రీశైలం, సాగర్, పులిచింతల గేట్ల వార్తలు దశమికి మూడు రోజుల ముందు నుంచి చూస్తే మీకే అర్థమైపోతుంది. వరద మరీ ఎక్కువగా ఉంటే ఆ సాయంత్రాన్ని బందరుకు మార్చుకోండి. 70 కిలోమీటర్ల దూరంలోని మచిలీపట్నంలో కాళికా ముఖాల శక్తిపటాలను ఎత్తుకుని డప్పుల మధ్య ఆడుతూ వీధుల్లో తిప్పుతారు. విజయవాడ జనం కూడా చాలామంది చూసి ఉండరు.

మిగిలిన సమయానికి కొండపల్లి వెళ్లండి. 20 కిలోమీటర్లే. బొమ్మల కాలనీలో తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండితో ముక్కలు అతికి, రంగులేయడం ఇళ్ల అరుగుల మీదే చూడొచ్చు. కొనేటప్పుడు బొమ్మ చేతిలో పట్టి చూడండి. పొణికి చెక్క దూదిలా తేలిగ్గా ఉంటుంది, బరువుగా ఉంటే వేరే చెక్క. బరువు లేని బొమ్మ కదా అని సూట్‌కేసు అడుగున పెట్టేస్తారు, ఇంటికెళ్లేసరికి ఏనుగు అంబారీ విరిగి ఉంటుంది. చేతి సంచిలో, బట్టల నడుమ పెట్టుకోండి.

5. మధ్యలో దొరికే రోజులు

దశమికీ మంగళవారానికీ మధ్య ఎడం ఉంటే విశాఖలో బస వేయండి. అరకు వెళ్లే కిరండూల్ రైలు తెల్లవారాక ఏడులోపే బయలుదేరుతుంది. అద్దాల పెట్టె కోసం ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. వెళ్లేటప్పుడు బొర్రా గుహల స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద అరకు చూసి రావడం, రెండు వైపులా రైలు పట్టుకోవడం కంటే సుఖం. సెలవుల్లో ఘాట్ రోడ్డు మీద గంటల తరబడి కార్లు ఆగిపోతాయి కాబట్టి చీకటి పడకముందే దిగిపోవాలి.

ఆర్కే బీచ్‌లో, రుషికొండలో నీళ్లలోకి మోకాళ్లు దాటి వెళ్లకండి. అక్కడ అడుగు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఎర్ర జెండా ఉంటే పాదాలు తడపడానికి కూడా దిగొద్దు. అక్టోబరు బంగాళాఖాతంలో తుపానుల నెల. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖనే తాకింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. వాయుగుండం అన్న మాట వార్తల్లో వినబడితే అరకు మానేయండి. ముందుగా రద్దయ్యేవి ఆ కొండ లైన్ రైళ్లే.

6. విజయనగరం: సోమవారం రాత్రి, మంగళవారం మధ్యాహ్నం

పైడితల్లి అమ్మవారికి ఊళ్లో రెండు గుళ్లు. స్టేషన్ ఎదుట వనంగుడి, మూడు లాంతర్ల కూడలిలో చదురుగుడి. ఉత్సవం చదురుగుడికీ కోటకూ మధ్య జరుగుతుంది. 1757 బొబ్బిలి యుద్ధంతో ముడిపడ్డ కథ ఇది. అన్న విజయరామరాజును యుద్ధానికి వెళ్లొద్దన్న చెల్లెలే పైడిమాంబ అని, ఆమే అమ్మవారై పెద్ద చెరువులో వెలిసిందని ఊరి నమ్మకం.

సోమవారం తొలేళ్లు. రాత్రంతా ఘటాలు ఊరేగుతాయి, పూజారి విత్తనాలు పంచుతారు, రైతులు వాటిని తీసుకెళ్లి పొలంలో చల్లుకుంటారు. తొలి ఏరు అన్నది అలా తొలేళ్లయింది. చుట్టుపక్కల పల్లెల జనం బండ్లు, ఆటోలు ఎక్కి ఆ రాత్రే ఊళ్లోకి వచ్చి రోడ్ల పక్కన పడుకుంటారు. సిరిమాను కంటే తొలేళ్ల రాత్రే ఊరి అసలు పండుగ అని అక్కడివాళ్లు చాలామంది అంటారు, ఆ మాట తోసేయదగ్గది కాదు. మంగళవారం చూసేది ఎక్కువ, సోమవారం మాట్లాడేది ఎక్కువ.

గది దొరకడం కష్టం. లాడ్జీలు తక్కువ, ఉన్నవీ ఊరివాళ్ల చుట్టాలకే ముందు పోతాయి. విశాఖలో ఉండి, మంగళవారం ఉదయం తొమ్మిదిలోపు రైల్లో దిగడం సులువైన పద్ధతి. బస్సులో వెళ్తే ఆ రోజు ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా రానివ్వకుండా ఊరి బయటే దింపేస్తారు. స్టేషన్ నుంచి వనంగుడి చూసుకుని నడుచుకుంటూ ఊళ్లోకి రావడమే. పదకొండుకల్లా కోటకూ మూడు లాంతర్లకూ మధ్య రోడ్డు మీద నీడపట్టున చోటు చూసుకోండి. కోట ముందు బాగా కనిపిస్తుంది కానీ ముందు వరుసల్లో పాస్‌లవాళ్లు ఉంటారు. చదురుగుడి ముందు ఇరుకు, తోపులాట. నడి దారిలో, పడమటి ఎండ వీపుకు తగిలే పక్కన నిలబడితే మూడు సార్లూ సిరిమాను మీ తల మీదుగా వెళ్తుంది.

సిరిమాను అంటే 50, 60 అడుగుల చింత మాను. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. హుకుంపేటలో చెక్కి, రథానికి బిగించి, కొసన ఆసనం కడతారు. పూజారి అందులో కూర్చోగానే మాను గాల్లోకి లేస్తుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వస్తాయి. వలను తేలిగ్గా వదిలేయకండి, చెరువులోంచి అమ్మవారి విగ్రహాన్ని పైకి తెచ్చిన జాలరుల గుర్తు అది. వల కనిపించిందంటే సిరిమాను దగ్గరికొచ్చినట్టే.

మధ్యాహ్నం మూడు ప్రాంతంలో కదిలి, గుడికీ కోటకూ మధ్య మూడు విడతలు తిరిగి, చీకటి పడేలోపు ముగుస్తుంది. కోట బురుజు మీద పూసపాటి వంశీకులు కూర్చుంటారు. మాను కోట ముందు ఆగినప్పుడు చూడండి. అంత ఎత్తున పూజారి చేతిలో విసనకర్ర కదులుతుంది, మాను కొస గాలికి కొద్దిగా ఊగుతుంది, కింద లక్షల గొంతులు ఒక్క క్షణం ఆగి మళ్లీ లేస్తాయి. అప్పుడే నలువైపుల నుంచి అరటిపళ్లు విసురుతారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకోండి. ఫోన్ పైకెత్తి వీడియో తీసేవాళ్ల చేతికే పండు తగిలి ఫోన్ జనం కాళ్ల కింద పడుతుంది. నేల మీద అరటి తొక్కలు కాలు జారుస్తాయి, నున్నటి చెప్పులు వద్దు.

మొదటి విడత చూసి వెళ్లిపోదామని మధ్యలో గుంపు దాటబోయేవాళ్లే తోపులాటలో చిక్కుకుంటారు. మాను మీ ముందు నుంచి వెళ్లాక దాని వెనక రోడ్డు కాసేపు వదులవుతుంది, కదలాలంటే అదే అదను. మూడో విడత అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. గంట స్తంభం దాటి స్టేషన్ దాకా రోడ్డు నిండుగా ఉంటుంది. విశాఖకు ఎనిమిది తర్వాతి ప్యాసింజర్‌లో సీటు దొరకవచ్చు, ఆరు గంటల బండిలో దొరకదు.

ఇంకో వారం ఉండగలిగినవారికి ఆ తర్వాతి మంగళవారం పెద్ద చెరువులో తెప్పోత్సవం ఉంది. జనం పలుచగా ఉంటారు, పిల్లలతో వెళ్లడానికి అదే మేలు.

7. చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో

మూడేళ్ల లోపు పిల్లలుంటే మంగళవారం సిరిమానుకు తీసుకెళ్లకండి, సోమవారం పగలు చదురుగుడికి వెళ్లిరండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు విజయవాడలో కొండ మాని తెప్పోత్సవం చూపించండి. హనుమకొండలో మాత్రం అందరూ ఉండొచ్చు, కూర్చోడానికి చోటు వెతుక్కుంటే చాలు.

కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు మాళ మల్లేశ్వరుడి బన్ని ఉత్సవం గురించి కూడా అడుగుతుంటారు. దశమి అర్ధరాత్రి కర్రలతో, కాగడాలతో ఊళ్లకు ఊళ్లు దేవుడి విగ్రహాల కోసం తలపడే జాతర అది. ఏటా తలలు పగులుతాయి. కుటుంబంతో వెళ్లే చోటు కాదు. వెళ్లి తీరాలనుకుంటే కొండ వాలు పైనుంచి చూడాలి, గుంపులోకి దిగకూడదు, కాగడా మీ వైపు వస్తుంటే వెనక్కి తిరగకుండా పక్కకు తప్పుకోవాలి. ఆ రాత్రికి ఆలూరులోనో ఆదోనిలోనో బస ముందే చూసుకోండి, తెల్లవారేదాకా బండ్లు కదలవు.

సంచిలో ఉండాల్సినవి

గొళ్లెం పడే చిన్న సంచి ఒకటి, తాళం. గుర్తింపు కార్డు అసలుది, జిరాక్సు కాదు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. తలకు చుట్టుకునే తువ్వాలు, వానకు పల్చటి రెయిన్‌కోటు. గొడుగు జనంలో పక్కవాళ్ల కంట్లో పొడుచుకుంటుంది. చిల్లర నోట్లు అయిదొందలకు తగ్గకుండా, ఎందుకంటే లక్షల మంది ఒక చోట చేరినప్పుడు సిగ్నల్ పోతుంది, ఫోన్‌పే పలకదు. పాత చెప్పులు ఒక జత. కొండ కింద విడిచిన కొత్త చెప్పులు మీ కోసం ఎదురుచూడవు.